ఆయనెవరో నాకు తెలియదు

నవంబరు రెండో వారం, శుక్రవారం ఉదయం. దేవకుమారి ఒక చేత్తో అట్టు తిరగేస్తూ, రెండో చేత్తో కూతురి లంచ్ బాక్స్ మూత నొక్కుతూ, చెవిలో ఆఫీసు కాల్ వింటోంది. వింటోందని చెప్పుకోవడమే గాని, చూపంతా వంటింటి కిటికీ మీదే ఉంది. అవతల పెరట్లో మామగారు సత్యానందం మంకీ క్యాప్, కొడుకు పాత జాకెట్టు, రబ్బరు బూట్లు వేసుకుని, గొంతుకూర్చుని మెంతి మడితో మాట్లాడుతున్నారు. మాట వరసకి అనడం కాదు, నిజంగానే మాట్లాడతారు. ఒక్కోసారి మందలిస్తారు కూడా.

"అబీ, బస్ టైమ్ అవుతోంది. తాతయ్యని పిలువు," అంది దేవకుమారి.

పదేళ్ళ అబిగేల్ పెరటి తలుపు తీసి, చలికి భుజాలు ముడుచుకుని అరిచింది. "తాతా! బస్!"

"వస్తున్నానే. ముందు నువ్వోసారి ఇటు రా. రాత్రి మంచు పడ్డాక పాలకూర ఎలా నిగనిగలాడుతోందో చూడు. ఒక ఆకు నమిలి చూడు."

"నో తాతా! వాష్ చెయ్యలేదు."

"మంచే కడిగింది. నమలవే."

అబిగేల్ ముఖం చిట్లించుకుంటూనే నమిలింది. నాలుగు నమిలేసరికి చిట్లింపు పోయింది. "హే, స్వీట్‌గా ఉంది!"

"చలి తగిలితే ఆకు తీపెక్కుతుంది. ఎండాకాలంలో ఇదే పాలకూర తిను, గడ్డి నమిలినట్టుంటుంది," అన్నారాయన, తనే చక్కెర కలిపినంత గర్వంగా.

అట్లాంటాకి పైనున్న ఈ కమ్మింగ్ ఊళ్ళో తెలుగువాళ్ళ తోటలన్నీ అక్టోబరు చివరికి మూతపడతాయి. సొరపాదులు పీకేసి, గోంగూర ఫ్రీజర్‌లో కుక్కి, మళ్ళీ ఏప్రిల్ దాకా ఎవరూ పెరటి వంక చూడరు. సత్యానందం తోట అప్పుడే కళ్ళు తెరుస్తుంది. మూడేళ్ళ కిందట భార్య పోయాక కొడుకు కాలేబ్ ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చాడు. తెనాలి రైల్వే క్వార్టర్స్‌లో సిమెంటు వాకిలి తప్ప ఎరగని మనిషి, మొదటి వేసవిలో ఉత్సాహంగా వంగ, టమాటా పెట్టారు. సగం ఎండకి మాడిపోయింది, సగం జింకలు మేశాయి. విసుగెత్తి, అక్టోబరులో డబ్బా అడుగున మిగిలిన ధనియాలు నలిపి మట్టి మీద చల్లేశారు. రెండు వారాలకి మడి నిండా పచ్చటి కొత్తిమీర లేచింది. ఆ రోజు నుంచి ఆయనకి ఏడాదిలో అసలు కాలమంటే శీతాకాలమే.

ఈ తోట సుఖం ఆయన్ని అడగాలి. దోమలుండవు, కలుపుండదు, పురుగు తక్కువ. నీళ్ళు మూడు రోజులకోసారి పోసినా చాలు. కొత్తిమీర తొందరపడి పూతకి రాదు, కోసిన కొద్దీ వస్తూనే ఉంటుంది. పది గంటల ఎండలో వీపు కాచుకుంటూ ముల్లంగి చుట్టూ మట్టి గుల్ల చేస్తుంటే మధ్యాహ్నం అయిందని తెలియదు. "వేసవి తోట మనిషిని పరుగులు పెట్టిస్తుందే అబీ. ఇదైతే వచ్చి మన పక్కన కూర్చుంటుంది," అని మనవరాలికి చెప్పేవారు. కిందటి నెలలో ఇద్దరూ కలిసి వెల్లుల్లి రెబ్బలు నాటారు. గడ్డ ఊరడానికి జూన్ దాకా పడుతుందంటే అబిగేల్ నోరు తెరిచింది. "అన్ని నెలలు అది ఏం చేస్తుంది తాతా?" "నిద్రపోతుంది. నువ్వు మాత్రం పోవా?"

దేవకుమారికి తోటతో పేచీ లేదు. ఆ మెంతికూర పప్పు ఆమెకీ ఇష్టమే. పేచీ అంతా ఆకులతోనే.

ఇక్కడి ఎర్రమట్టి ఎండితే ఇటుక, తడిస్తే బంక. రాలిన ఆకులు మందంగా పరిచి కుళ్ళనిస్తే గాని మెత్తబడదు, మొక్కల వేళ్ళకి వెచ్చదనమూ ఉండదు. ఈ ఇంటి ముందు బిల్డర్ నాటిన రెండు చెట్లు గొడుగు కన్నా పెద్దవి కావు. పై వీధుల్లో మాత్రం ఓక్ చెట్లు, మేపుల్ చెట్లు ఆకాశమంత ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు ఆకులు ఊడ్చి పెద్దపెద్ద కాగితపు సంచుల్లో నింపి రోడ్డు పక్కన పెడతారు, సోమవారం బండి వచ్చి తీసుకుపోతుంది. బండి కంటే ముందు సత్యానందం వెళతారు. మనవరాలు చిన్నప్పుడు ఆడుకున్న ఎర్ర చక్రాల బండి, ఆ వ్యాగన్, లాక్కుంటూ వెళ్ళి, రెండేసి సంచులు వేసుకుని వస్తారు.

అబిగేల్‌ని బస్సెక్కించి వచ్చాక ఆయన గరాజ్‌లో వ్యాగన్ తీయబోతుంటే దేవకుమారి వెళ్ళింది.

"మావయ్యగారూ, మళ్ళీ ఆకులకేనా? వద్దండీ. స్టోర్‌లో మట్టి మీద పరిచే మల్చ్ బ్యాగ్స్ దొరుకుతాయి. నేను ఆర్డర్ పెడతాను."

"కొనడమెందుకమ్మా? వాళ్ళు పారేసేదేగా."

"వాళ్ళ ఇళ్ళ ముందు సంచులు మనం ఎత్తుకొస్తుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు? ఈ ముసలాడికి తోట ఉందనుకుంటారు," అని నవ్వి, చక్రాలకి నూనె వేసుకుని బయల్దేరారు.

ఆమెకి నవ్వు రాలేదు. కాలనీ వ్యవహారాలు చూసే కమిటీలో ఈ ఏడాదే దేవకుమారిని తీసుకున్నారు. ఏడుగురిలో తెలుగు మనిషి తనొక్కతే. డిసెంబరులో జరిగే కాలనీ విందు బాధ్యత మొత్తం కమిటీ పెద్ద డోనా ఆమె చేతిలో పెట్టింది. ఆ ముచ్చట చర్చిలో అందరికీ చెప్పుకుంది. అలాంటప్పుడు ఇంటి పెద్ద ఆకుల సంచులు లాక్కుంటూ వీధుల వెంట తిరగడం ఆమెకి తలకొట్టేసినట్టుండేది. ఆ ఎండుటాకుల గలగల వింటే కిటికీ మూసేసేది. దానికింకో కారణం కూడా ఉంది గాని, అది ఆమె మొగుడికి కూడా చెప్పలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి, మీటింగుకీ మీటింగుకీ మధ్య ఫోన్ చూసుకుంటే, కాలనీ గ్రూప్‌లో ఒక ఫోటో ఉంది. ఎవరి ఇంటి డోర్‌బెల్ కెమెరాలోనో పడింది. మంకీ క్యాప్‌లో ముఖం సగమే కనబడుతోంది. వంగిన నడుము, చేతిలో వ్యాగన్ పిడి. "ఈ మనిషి ఎవరో ఎవరికైనా తెలుసా? మా వీధిలో సంచులు తీసుకెళ్ళడం ఇది మూడోసారి," అని కింద రాసి ఉంది. దాని కింద వరసగా మాటలు. ఇల్లు లేనివాడేమో అని ఒకరు. సంచుల వంకతో ఇళ్ళు చూసుకుంటున్నాడేమో, పిల్లలు జాగ్రత్త అని ఇంకొకరు.

దేవకుమారి ఫోటో పెద్దది చేసి చూసింది, ఆయనే. మా మామగారండీ అని రాస్తే అయిపోయేది. రాయడానికి వేళ్ళు ఆడలేదు. ఇంతలో డోనా నుంచి విడిగా మెసేజ్ వచ్చింది. "దేవీ, చూడబోతే ఇండియన్ పెద్దాయనలా ఉన్నాడు. మీ వాళ్ళలో ఎవరింటి మనిషో నీకు తెలిసి ఉంటుందని అడుగుతున్నాను."

ఇల్లు లేనివాడు అన్న మాట కిందే ఇప్పుడు తన పేరు పెట్టుకోవాలి. డిసెంబరు విందులో ఆ మాటలు రాసినవాళ్ళకే ఎదురెళ్ళి నవ్వాలి. దేవకుమారి ఎక్కువసేపు ఆలోచించలేదు, అదే ఆ తరవాత ఆమెని ఎక్కువ బాధపెట్టింది. ఒక్క నిమిషంలో టైప్ చేసేసింది. "ఆయనెవరో నాకు తెలియదు."

"అయితే సరే, రేపు పోలీసులకి ఒక మాట చెప్పి ఉంచుతాను," అంది డోనా. దానికి దేవకుమారి బొటనవేలు బొమ్మ పెట్టింది.

సాయంత్రం టీ ఇస్తూ, "రేపు మాత్రం బయటికి వెళ్ళకండి మావయ్యగారూ, చలి బాగా ఉంటుందట," అంది.

"అందుకేనమ్మా వెళ్ళేది. రేపు రాత్రి గడ్డ కట్టే చలి. వెల్లుల్లి మడి మీద ఆకులు పడాల్సిందే," అన్నారాయన. అసలు సంగతి అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి కాలేబ్ సరుకులకని ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాడు. పది కాకముందే డోర్‌బెల్ మోగింది. తలుపు తీస్తే గుమ్మంలో పోలీసు యూనిఫారంలో ఒక కుర్రాడు, అతని పక్కన డోనా, వాళ్ళ వెనకాల వ్యాగన్ పిడి పట్టుకుని సత్యానందం ఉన్నారు. వ్యాగన్‌లో రెండు సంచులు.

"ఈయన ఇదే తన ఇల్లంటున్నారు. ఎవరూ తప్పు చేశారని కాదు, కనుక్కుందామని వచ్చాం," అన్నాడు పోలీసు కుర్రాడు మర్యాదగా.

డోనా మాత్రం ఆయన్ని చూడడం లేదు, దేవకుమారినే చూస్తోంది. "దేవీ, నిన్న నిన్ను అడిగానుగా. ఈయనెవరో తెలియదన్నావు."

దేవకుమారి తలుపు పిడి గట్టిగా పట్టుకుంది. ముఖంలోకి వేడి కొట్టుకొచ్చింది. మెట్ల మీద అబిగేల్ నిలబడి ఉందని ఆమె అప్పటికి చూసుకోలేదు.

సత్యానందం కోడలి ముఖం వంక చూశారు. ఒక్క క్షణమే. గూడ్స్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు రాసిన ఇంగ్లీషులో తడుముకోకుండా అందుకున్నారు. "తప్పు నాది మేడమ్. ఈ టోపీ చూడండి. ఇది పెట్టుకుంటే బతికుండగా నా భార్య కూడా నన్ను గుర్తుపట్టేది కాదు. కోడలు ఆఫీసు పనిలో ఉండి ఫోటో సరిగ్గా చూసి ఉండదు. నేను ఆకులకి వెళ్తున్నట్టు ఆమెకి చెప్పలేదు కూడా. ఇంకెప్పుడూ అడగకుండా తీసుకోను."

పోలీసు కుర్రాడు నవ్వేశాడు. ఆకులు తీసుకోవడం నేరమేం కాదని చెప్పి వెళ్ళిపోయాడు. డోనా కూడా "అదా సంగతి" అని నవ్వింది గాని, వెళ్తూ వెళ్తూ దేవకుమారిని ఇంకోసారి చూసింది.

తలుపు మూసుకుంది. మనవరాలు అబద్ధమాడినా ఊరుకోని మనిషి, గుమ్మంలో నిలబడి వరసగా మూడు అబద్ధాలు ఆడారు. దేవకుమారి ఆయన వైపు తిరిగింది. "మావయ్యగారూ, అదీ... నేను..."

"కాస్త టీ పెడతావా అమ్మా? వేళ్ళు కొంకర్లు పోతున్నాయి," అన్నారాయన బూట్లు విప్పుతూ. "అబ్బాయికి ఇదంతా చెప్పకు. ఊరికే కంగారుపడతాడు."

అంతే. ఆ రోజూ అడగలేదు, మర్నాడూ అడగలేదు. అడిగి నాలుగు మాటలంటే దేవకుమారికి ఎంత తేలికయ్యేదో. ఆయన ఏమీ అనకుండా, తన మూలంగా ఎవరికీ ఇబ్బంది లేకుండా సర్దుకోవడం మొదలుపెట్టారు. సోమవారం నుంచి మనవరాలితో బస్‌స్టాప్‌కి వెళ్ళడం మానేసి, చలి పడటం లేదన్నారు. పెరట్లోకి వెళ్ళేముందు కంచె అవతల ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుని దిగుతున్నారు. డోనా విందు సామాను దించడానికొస్తే గబగబా గరాజ్‌లోకి తప్పుకున్నారు. చర్చిలో ఎప్పుడూ మూడో వరసలో కూర్చునేవారు, ఆ ఆదివారం చివరి బెంచీలో కూర్చున్నారు. ఆ రెండు సంచుల ఆకులూ సగం మడికే వచ్చాయి. మిగతా సగం మీద పాత దుప్పటి పరిచారు. ఆదివారం రాత్రి గాలికి దుప్పటి ఎగిరిపోయి లేత మొలకలు నల్లబడ్డాయి. "ఈ ఏటికి ఇంక చాల్లే," అని అబిగేల్‌తో అంటుంటే దేవకుమారి వింది.

కిటికీలోంచి ఆయన అటూ ఇటూ చూసి పెరట్లో అడుగుపెట్టడం చూసినప్పుడల్లా ఆమెకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. సొంత ఇంట్లో దొంగలా బతుకుతున్నాడు పెద్దాయన, తన పరువు కోసం. క్షమించమని అడగాలని రోజుకి పదిసార్లు నోటిదాకా వచ్చేది. అడిగితే తను చేసింది బయటపడుతుంది. ఆయనకి ముందే తెలుసన్న సంగతి కూడా ఆ పిరికితనానికి అడ్డం కాలేదు.

బుధవారం సాయంత్రం నలుగురూ భోజనాలకి కూర్చున్నారు. మెంతికూర పప్పు, ముల్లంగి పచ్చడి. కాలేబ్ కలుపుకుంటూ, "నాన్నా, ఏంటి ఈ వారం ఆకులు తేలేదు? వ్యాగన్ ఖాళీగా ఉంది," అన్నాడు.

సత్యానందం పచ్చడి వేసుకుంటూ "చలిగా ఉందిరా" అన్నారు.

అబిగేల్ చెంచాతో అన్నం కెలుకుతూ ఉన్నట్టుండి అంది. "డాడీ, టుడే బస్‌లో మాయ అడిగింది. హూ ఈజ్ దట్ లీఫ్ మ్యాన్, మీ ఇంట్లో ఉంటాడా అని. అందరూ నవ్వారు. ఐ సెడ్ ఐ డోంట్ నో హిమ్."

కాలేబ్ చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నావు?"

"తెలీదు అన్నాను." అబిగేల్ తండ్రి ముఖం చూసి బెదిరింది. తల్లి వైపు తిరిగింది. "ఇట్స్ ఓకే కదా మమ్మీ? నువ్వు కూడా డోనా ఆంటీకి అలాగే చెప్పావు కదా. తాత కూడా కోప్పడలేదు."

దేవకుమారి తలెత్తి మామగారి వంక చూడలేకపోయింది. గిన్నె పక్కన ఆయన వేళ్ళు మాత్రం కనబడ్డాయి. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి. కోడలి మాట ఆయన మింగగలిగారు. ఇది మింగుడుపడలేదు. కంచంలో అన్నం అలాగే ఉండగా లేచి, చెయ్యి కడుక్కుని, "మెడ పట్టేసినట్టుందిరా, కాస్సేపు నడుం వాలుస్తాను," అని మేడ మీదకి వెళ్ళిపోయారు. మెట్లెక్కుతూ ఒకసారి ఆగి కళ్ళు తుడుచుకున్నారు. అబిగేల్ బావురుమంది.

పిల్లని గదిలోకి పంపి కాలేబ్ తిరిగొచ్చాడు. జరిగిందంతా దేవకుమారి చెప్పింది. ఫోటో, డోనా మెసేజ్, పోలీసు, అన్నీ. దాచడానికి ఇంక ఏం మిగిలిందని?

"మా నాన్నని వీధిలో పోలీసులు ఆపితే నాకు చెప్పలేదా?" కాలేబ్ గొంతు పెంచలేదు, అదే భయమేసింది ఆమెకి.

"మావయ్యగారే చెప్పొద్దన్నారు."

"ఆయన చెప్పొద్దన్నది నీకోసం. నువ్వు చెప్పనిది ఎవరికోసం దేవీ? ఆ విందు కోసమా? ఆకులు ఏరుకుంటే ఆయనకి లేని సిగ్గు నీకెందుకు?"

"నీకేం తెలుసు కాలేబ్?" దేవకుమారి గొంతు పగిలింది. "ఆకులేరుకునేవాళ్ళని జనం ఎలా చూస్తారో నీకేం తెలుసు? మీ నాన్నకి జీతం వచ్చేది. మా అమ్మ సరుగుడు ఆకు ఏరేది. చీరాల అవతల సముద్రం ఒడ్డున, సరుగుడు తోపుల్లో, పొద్దున్నుంచి రాలినదంతా ఊడ్చి, పాత చీరలో మూటకట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చేది. కొంత మా పొయ్యిలోకి, కొంత హోటళ్ళకి. నేను ఏడో క్లాసులో ఉండగా ఒకరోజు ఫ్రెండ్స్‌తో ఆ తోపు పక్కనుంచి వస్తున్నాను. అమ్మ మూట దించి నాకు చెయ్యి ఊపింది. ఎవరే ఆవిడ, నీకు చెయ్యి ఊపుతోందీ అని అడిగారు. ఏమో, నాకు తెలీదు అన్నాను."

కాలేబ్ కుర్చీలో కూర్చుండిపోయాడు. "అత్తయ్య విందా?"

"వింది. ఇంటికొచ్చాక ఏమీ అనలేదు. అన్నం పెట్టింది." ఆ మాటతో దేవకుమారికి ఏడుపు తన్నుకొచ్చింది. "మావయ్యగారూ అంతేగా, టీ పెట్టమన్నారు. అమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది. ఆమెకి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. చదువుకుని, ఉద్యోగం చేసి, ఇంత దూరమొచ్చి అదంతా దాటేశాననుకున్నాను. ఇవాళ అదే మాట నా కూతురి నోట్లోంచి వచ్చింది కాలేబ్. నా నోట్లోంచి కాదు. దాని నోట్లోంచి."

కాలేబ్ లేచి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ఏడిస్తే సరిపోదు దేవీ," అన్నాడు. అందులో కోపం లేదు. నిజంగానే సరిపోదని ఆమెకీ తెలుసు.

మేడ మీదకి వెళ్ళి తలుపు తట్టింది. "పడుకున్నానమ్మా," అని లోపల్నుంచి మాట వచ్చింది. అప్పుడు ఏడున్నరే అయింది. మెట్ల మీదే కూర్చుని ఫోన్ తీసి, నూట అరవై ఇళ్ళున్న కాలనీ గ్రూప్‌లో రాసింది. ఆ ఫోటోలో ఉన్నది మా మామగారు సత్యానందం. మాతోనే ఉంటారు. శీతాకాలం తోట కోసం ఆకులు తెస్తారు. నన్ను అడిగినప్పుడు నేను గుర్తుపట్టాను, అయినా తెలియదని అబద్ధం చెప్పాను. ఆయన నన్ను కాపాడడానికి తప్పు తన మీద వేసుకున్నారు. సిగ్గుపడాల్సింది నేను, ఆయన కాదు. అంతవరకూ రాసి, తుడిచేయాలనిపించేలోపు పంపించేసింది.

మెచ్చుకోళ్ళేమీ వచ్చిపడలేదు. ముగ్గురు హృదయం బొమ్మలు పెట్టారు. ఇల్లు లేనివాడేమో అన్నతను తన మాట తీసేశాడు. ఇలాంటి ఇంటి గొడవలు గ్రూప్‌లో ఎందుకని ఒకావిడ అడిగింది. డోనా విడిగా రాసింది. "నాకు అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. ఈసారి విందు పని ఇంకెవరికైనా ఇస్తాను, నువ్వు విశ్రాంతి తీసుకో." దేవకుమారి "అలాగే" అని రాసింది. బాధ వేయలేదంటే అబద్ధమే అవుతుంది. ఈ రోజుకి అబద్ధాలు చాలు.

గురువారం పొద్దున్న అబిగేల్ బ్యాగు తగిలించుకుని తాత గది ముందు నిలబడింది. చేతిలో ఆయన రబ్బరు బూట్లున్నాయి.

"తాతా, రా. బస్."

"చలిగా ఉందమ్మా. మమ్మీ వస్తుందిలే."

"నువ్వు రాకపోతే నేను వెళ్ళను." పిల్ల బూట్లు ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. "ఐ యామ్ సారీ తాతా. వెరీ వెరీ సారీ. ప్లీజ్ రా."

ఆయన కాసేపు బూట్ల వంక చూసి, వంగి తొడుక్కున్నారు. దేవకుమారి వెనకాలే నడిచింది. స్టాప్‌లో ఐదారుగురు పిల్లలు, ఇద్దరు తల్లులు ఉన్నారు. అందరూ రాత్రి మెసేజ్ చదివినవాళ్ళే. తల్లులు పలకరించబోయి, ఏమనాలో తెలియక నవ్వారు. సత్యానందం అయిదు రోజులుగా అలవాటైన భయంతో కాస్త ఎడంగా చెట్టు పక్కకి జరగబోయారు. అబిగేల్ ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుంటూ తిన్నగా మాయ దగ్గరికి తీసుకెళ్ళింది.

"మాయా, నేను నిన్న నీకు లై చెప్పాను. దిస్ ఈజ్ మై తాత," అంది అందరికీ వినబడేలా. "మా ఇంట్లోనే ఉంటాడు. ఆ ఆకులు తెచ్చేది మా గార్డెన్ కోసం. వింటర్‌లో కూడా మాకు స్పినాచ్ ఉంటుంది."

మాయ ఆయన్ని కిందినుంచి పైకి చూసింది. "ఓకే. మా బ్యాక్‌యార్డ్‌లో ఇంకా బోల్డు లీవ్స్ ఉన్నాయి. ఆయనకి కావాలా?"

"అడిగి చెప్తా," అంది అబిగేల్. బస్సు వచ్చింది. ఎక్కేముందు తాత నడుం చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. ఎక్కాక కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆయన కూడా ఊపారు. బస్సు మలుపు తిరిగినా ఆ చెయ్యి కిందికి దిగలేదు.

ఇద్దరూ ఇంటి వైపు నడిచారు. రెండు ఇళ్ళు దాటాక దేవకుమారి ఆగింది. "మావయ్యగారూ. ఫోటోలో మిమ్మల్ని గుర్తుపట్టే అన్నాను, తెలియదని."

"తెలుసమ్మా."

"డోనా పోలీసులకి చెప్తుందని కూడా నాకు తెలుసు. తెలిసే మిమ్మల్ని వెళ్ళనిచ్చాను."

ఈ సంగతి ఆయనకి తెలియదు. నిలబడిపోయారు. పర్వాలేదులే అమ్మా అంటారని ఆమె ఎదురుచూసింది. ఆయన అనలేదు.

"నాకు చాలా బాధేసింది," అన్నారు. "రాత్రుళ్ళు నిద్రపట్టలేదు. మా ఆవిడ బతికుంటే చెప్పుకునేవాడిని. మొగుడు పెళ్ళాల మధ్య తగువెందుకని అబ్బాయికి చెప్పలేదు. నిన్న పిల్ల ఆ మాటన్నాక ఇండియా వెళ్ళిపోదామనుకున్నాను. టికెట్ ఎంతో కూడా చూశాను."

"ఈ అయిదు రోజులూ ఒక్క మాట అనలేదేం మావయ్యగారూ? తిట్టి ఉంటే బాగుండేది కదా."

"పరాయివాళ్ళ ఇంట్లో ఉన్నానే అనుకున్నానమ్మా. పరాయివాళ్ళని ఎలా తిడతాను?" ఆయన ముక్కు తుడుచుకున్నారు. "ఇవాళ చెప్పాలనిపించింది. చెప్పాను."

ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని, నుదురు వాటికి ఆనించి, వెక్కివెక్కి ఏడ్చేసింది. పక్కనుంచి ఒక కారు నెమ్మదిగా వెళ్ళింది. అందులోని మనిషి తల తిప్పి చూశాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"ఊరుకోమ్మా, రోడ్డు మీద ఉన్నాం," అన్నారు సత్యానందం కంగారుగా. "అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి మావయ్యగారూ," అంది దేవకుమారి. ఆ చేతులు వదల్లేదు.